బోల్టు తల మీద అంకె చూడకపోతే మన తల మీదికే ముప్పు
జాకీలు, లిఫ్టులు, ట్రాక్టరు తొట్టెలకు కొత్త బోల్టు వేసేటప్పుడు తెలుసుకోవలసినవి

ఓడలరేవు (అల్లవరం మండలం): వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు ఓడలరేవు. పేరులో ఓడలున్నా ఇప్పుడు ఇక్కడి బతుకు ఎక్కువగా నడిచేది చక్రాల మీదే. చేపల పెట్టెలు మోసే వ్యాన్లు, కొబ్బరికాయలు ఎత్తుకుపోయే లారీలు, ధాన్యం తోలే ట్రాక్టర్లు, ఓ.ఎన్.జి.సి. టెర్మినల్‌కు వచ్చిపోయే బరువు బళ్లు, ఆటోలు... ఇలా తీరమంతా బళ్ల సందడే. బళ్లు పెరిగిన కొద్దీ వాటిని బాగుచేసే షెడ్ల పనీ పెరుగుతుంది.

షెడ్డులో పనిచేసే మెకానిక్కుకు పని సగం బండి కిందనే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, మొహం మీద మట్టి రాలుతుంటే, చేత్తో పానా తిప్పుతూ ఉంటాడు. అతని మీద టన్నుల బరువు నిలబడి ఉంటుంది. దాన్ని నిలబెట్టేది ఒక జాకీ, ఒక స్టాండు, ఒక చైన్ కప్పీ, లేదా కారును పైకెత్తే లిఫ్టు. ఆ జాకీని, ఆ కప్పీని, ఆ లిఫ్టు చేతులను పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. అందులో ఒకటి తెగితే మిగిలిన మూడూ ఎంతసేపు ఆగుతాయో చెప్పలేం.

రైతుకూ ఇదే ప్రమాదం ఉంది. ట్రాక్టరు తొట్టెను పైకి లేపి దాని కింద గ్రీజు పెట్టే కుర్రవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. తొట్టెను ఆపి ఉంచేది హైడ్రాలిక్ జాకీ. ఆ జాకీని చట్రానికి కలిపి ఉంచేవి పిన్ను, బోల్టులు.

ఇటువంటి బోల్టు ఒకటి విరిగినప్పుడు మామూలుగా జరిగేది ఇదీ. విరిగిన ముక్క జేబులో వేసుకుని మెకానిక్కు అమలాపురం వెళతాడు. ఇనుప సామాన్ల షాపులో ముక్క తీసి చూపిస్తాడు.

"ఇలాంటిదే ఒకటి ఇవ్వండి."

"ఎంత పొడుగు కావాలి బాబూ?"

"దీనంతేనండి. ఓ అరంగుళం అటూ ఇటూ అయినా పర్లేదండి."

షాపతను డబ్బాలో చెయ్యి పెట్టి నాలుగు తీస్తాడు. లావు సరిచూస్తాడు, పాత నట్టు ఎక్కించి చూస్తాడు, కాగితంలో చుట్టి ఇస్తాడు. ఐదు నిమిషాల్లో బేరం అయిపోతుంది. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది: "దీని గ్రేడు ఎంత?" అసలు ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది.

విమానం అద్దం ఊడిన కథ

కంటితో పోల్చి బోల్టు ఎంచుకుంటే ఏమవుతుందో ప్రపంచానికి తెలియజెప్పిన సంఘటన ఒకటి ఉంది. అది జరిగింది పల్లెటూరి షెడ్డులో కాదు, ఇంగ్లండులో పేరున్న విమాన సంస్థలో.

1990 జూన్ 10వ తేదీ ఉదయం బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరింది. సుమారు 17 వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి కెప్టెన్ ఎదురుగా ఉన్న అద్దం ఒక్కసారిగా ఊడి ఎగిరిపోయింది. లోపలి గాలి బయటికి తన్నిన ఊపుకు కెప్టెన్ నడుము దాకా కిటికీలోంచి బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికి బయటపడ్డాడు. ఎవరి ప్రాణమూ పోలేదు.

విచారణలో తేలిన విషయం ఏమిటంటే, ఆ అద్దాన్ని అంతకు 27 గంటల ముందే కొత్తగా బిగించారు. దానికి పట్టేవి 90 బోల్టులు. వాటిలో 84 బోల్టులు ఉండవలసిన దానికంటే సన్నవి. తేడా ఎంత? మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు మాత్రమే. మిగిలిన 6 బోల్టులు లావు సరిపోయినా పొడుగు తక్కువ. బిగించినతను అనుభవం ఉన్నవాడే. కానీ పుస్తకంలో నంబరు చూడలేదు. ఊడదీసిన పాత బోల్టును చేత పట్టుకుని, చాలని వెలుతురులో, కొత్తవాటితో కంటితో పోల్చాడు. కావలసిన నంబరు ఇదీ అని స్టోరులో ఉన్న మనిషి చెప్పినా పట్టించుకోలేదు. అన్నిటికంటే విచిత్రం, అతను నమూనాగా తీసుకున్న ఆ పాత బోల్టు కూడా సరైనది కాదు. అంతకు ముందెప్పుడో ఎవరో పొరపాటున వేసినదే.

ఈ కథ మన షెడ్డుకు రెండు పాఠాలు చెబుతున్నది. అనుభవం ఉన్న కన్ను కూడా మోసపోతుంది. చేతిలో ఉన్న పాత బోల్టు అసలైన బోల్టే అన్న నమ్మకం లేదు. సెకండ్‌హ్యాండులో కొన్న జాకీకి, చేతులు మారిన తొట్టెకు ఈ రెండో మాట మరీ వర్తిస్తుంది.

విరిగిన ముక్క చెప్పే సాక్ష్యం

కొత్తది కొనే ముందు విరిగిన ముక్కను పారేయకుండా ఎండలో పెట్టి చూడాలి. అది ఎందుకు విరిగిందో దాని మొహమే చెబుతుంది.

విరిగిన చోట బోల్టు నడుము సన్నబడి సాగినట్టు ఉంటే దాని శక్తికి మించి బరువు పడిందని అర్థం. బరువైనా ఎక్కువై ఉండాలి, బోల్టైనా తక్కువ రకమై ఉండాలి.

విరిగిన మొహం మీద కొంత భాగం నున్నగా, దాని మీద సన్నని వంపు గీతలు ఒకదాని వెనుక ఒకటిగా ఉండి, మిగతా భాగం గరుకుగా ఉంటే అది వేరే జబ్బు. ఆటుపోటు తీసినప్పుడు నీరు వెనక్కు వెళుతూ ఇసుక మీద వరసగా చారలు వదలడం ఓడలరేవు వాళ్లకు కొత్త కాదు. ఇంజనీర్లు కూడా ఈ గీతలను సముద్రపు ఒడ్డు గీతలనే పిలుస్తారు. బోల్టు ఒక్కరోజులో తెగలేదని, చిన్న పగులు పుట్టి, బరువు ఎత్తి దించిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి పాకిందని ఆ గీతలు చెబుతాయి. గరుకుగా ఉన్నది ఆఖరి రోజున పుటుక్కున తెగిన భాగం. దీన్ని లోహానికి వచ్చే అలసట అంటారు. బిగింపు వదులై బోల్టు ఆడుతూ ఉండడమే చాలాసార్లు దీనికి మూలం.

ఇటువంటి గీతలు ఒక బోల్టు మీద కనిపిస్తే పక్కనున్న బోల్టుల్లోనూ అదే పగులు నడుస్తూ ఉండవచ్చు. అవన్నీ ఒకే రోజు బిగించినవి, ఒకే బరువు మోసినవి. అందుకే విరిగిన ఒక్కదాన్ని మార్చి ఊరుకోకుండా ఆ జట్టు మొత్తాన్ని మార్చాలి. ఖర్చుకు వెనుకాడి మూడు పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే, రేపు పాతది తెగిన రోజున ఆ బరువంతా కొత్తదాని మీద పడుతుంది.

తల మీద రెండు అంకెలు

మిల్లీమీటరు లెక్కలో తయారైన ఉక్కు బోల్టు తల మీద తయారీదారు గుర్తుతో పాటు చుక్క మధ్యలో పెట్టి రెండు అంకెలు ఉంటాయి. 4.6, 8.8, 10.9, 12.9 ఎక్కువగా కనిపించేవి. మన దేశంలో బోల్టుల బలానికి ప్రమాణం ఐ.ఎస్. 1367. ఈ అంకెలు చదవడం బస్సు నంబరు చదివినంత తేలిక.

చుక్కకు ముందున్న అంకెను పదితో హెచ్చించండి. ఒక చదరపు మిల్లీమీటరు ఉక్కు సుమారు ఎన్ని కిలోల లాగుడుకు తెగుతుందో అది చెబుతుంది. 4.6 బోల్టు అయితే 40 కిలోలు, 8.8 అయితే 80 కిలోలు, 10.9 అయితే 100 కిలోలు.

చుక్క తర్వాత అంకె ఆ తెగే బరువులో ఎన్నో వంతు దగ్గర బోల్టు శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది. 4.6లో అది పదింట ఆరు వంతులు, అంటే 24 కిలోలు. 8.8లో పదింట ఎనిమిది వంతులు, అంటే 64 కిలోలు. సాగిన బోల్టు చూడడానికి బాగానే ఉన్నా పనికిరాదు.

ఇప్పుడు ఒకే లావు బోల్టులను పక్కపక్కన పెట్టి చూద్దాం. 16 మిల్లీమీటర్ల బోల్టుకు మర దగ్గర లెక్కకు వచ్చే ఉక్కు 157 చదరపు మిల్లీమీటర్లు. పరీక్షలో సాగకుండా నిలవవలసిన లాగుడు 4.6 రకానికి సుమారు మూడున్నర టన్నులు. 8.8 రకానికి 9 టన్నులకు పైగా. 10.9 రకానికి 13 టన్నులు. మూడూ ఒకే లావు, ఒకే పొడుగు. ఒకే నట్టు మూడింటికీ ఎక్కుతుంది. కంటికి తేడా లేదు. బలంలో మొదటిదానికీ మూడోదానికీ మూడు రెట్లకు మించి తేడా ఉంది.

షాపులో డబ్బాలో కలగలిపి ఉన్న వాటిలో తల మీద ఏ అంకే లేని బోల్టు దొరికితే దాన్ని 4.6 కంటే మెరుగైనదని నమ్మకూడదు. గేటుకు, రేకుల షెడ్డుకు, పశువుల పాకకు అది చాలు. మనిషి కింద దూరే సామానుకు చాలదు. లేతు మీద ఇనుప కడ్డీని తిప్పించి మర కోయించుకున్న బోల్టు కూడా అంతే. చూడడానికి అచ్చం అసలుదానిలా ఉంటుంది. ఆ కడ్డీ ఏ ఉక్కో ఎవరికీ తెలియదు.

తలపై అంకెల బదులు గీతలుంటే అది అంగుళాల లెక్కలోని అమెరికా పద్ధతి బోల్టు. మూడు గీతలున్నది గ్రేడు 5, ఇది దాదాపు మన 8.8కి సమానం. ఆరు గీతలున్నది గ్రేడు 8, ఇది దాదాపు 10.9కి సమానం.

ఏతం లెక్క మరిచిపోకూడదు

"మన కారు బరువు టన్నున్నరే, నాలుగు బోల్టులున్నాయి, ఒక్కో దాని మీద నాలుగు వందల కిలోలేగా" అని లెక్కవేసుకునే వారున్నారు. ఈ లెక్క తప్పు.

పాత రోజుల్లో ఏతం తొక్కిన వారికి కారణం చెప్పనక్కరలేదు. దూలం పొడుగు వైపున చిన్న బరువు కట్టినా పొట్టి వైపున పెద్ద బరువు లేస్తుంది. కారు లిఫ్టు చెయ్యి కూడా ఏతం దూలం వంటిదే. స్తంభానికి మీటరు దూరంలో 400 కిలోల బరువు పడిందనుకుందాం. ఆ చేతిని స్తంభానికి పట్టి ఉంచే పై బోల్టుకు, కింది బోల్టుకు మధ్య దూరం 20 సెంటీమీటర్లే అయితే పై బోల్టును లాగే బలం 400 కిలోలు కాదు, దానికి ఐదు రెట్లు, 2,000 కిలోలు.

ట్రాక్టరు తొట్టెలో ఇంకో చిక్కు ఉంది. తొట్టె లేచే మొదటి క్షణంలో జాకీ బాగా పడుకుని ఉంటుంది. ఏటవాలుగా తోయవలసి రావడంతో దాని పిన్నుల మీద పడే ఒత్తిడి తొట్టెలోని బరువు కంటే ఎక్కువ కూడా కావచ్చు. తడి ఇసుక ఒక పక్కకు అంటుకుపోయి తొట్టె ఒరిగితే ఆ ఒత్తిడి ఒక పక్క బోల్టుల మీదే పడుతుంది. దించేటప్పుడు ఒక్కసారిగా వదిలితే తగిలే దెబ్బ మరీ ఎక్కువ.

అందుకే పైన చెప్పిన టన్నుల లెక్క బోల్టులను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే. దాన్ని చూసి "ఇంత బరువు ఎత్తవచ్చు" అని నిర్ణయించకూడదు. సామాను చేసిన కంపెనీ ఈ దెబ్బలు, ఒరుగులు, అలసట అన్నీ లెక్కలోకి తీసుకుని బోల్టును నిర్ణయిస్తుంది. మన పని ఆ నిర్ణయాన్ని తెలుసుకుని పాటించడం.

బోల్టును పొడుగునా లాగే బలం ఒక రకం, అడ్డంగా కత్తిరించే బలం ఇంకో రకం. అడ్డంగా వచ్చే కోతకు బోల్టు ఆగేది లాగుడుకు ఆగే దానిలో సుమారు 60 శాతమే. పైగా కోత పడే చోట మర ఉంటే బలం ఇంకా తగ్గుతుంది. 16 మిల్లీమీటర్ల బోల్టులో మర లేని నున్నని భాగం 201 చదరపు మిల్లీమీటర్లు, మర ఉన్న చోట 157. అందుకే తల దాకా మర ఉన్న బోల్టును, నున్నని మెడ ఉన్న బోల్టుకు బదులుగా వేయకూడదు. రెండు పలకలు కలిసే చోట నున్నని భాగమే ఉండాలి.

లావు ఒకటే, మర వేరు

అరంగుళానికి పావు ఎక్కువో తక్కువో అన్న పాత అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అంగుళాల సామాను, మిల్లీమీటర్ల సామాను ఒకే డబ్బాలో పడి ఉంటాయి. వీటిలో అన్నిటికంటే మోసం చేసేది 5/8 అంగుళం బోల్టు. దాని లావు 15.9 మిల్లీమీటర్లు. పక్కన 16 మిల్లీమీటర్ల బోల్టు పెడితే వెంట్రుకవాసి తేడా. కానీ 5/8 ముతక మరకు అంగుళానికి 11 చుట్లు, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య 2.3 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు ఆ దూరం 2 మిల్లీమీటర్లు.

ఒకదాని నట్టు రెండోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. అక్కడ పానాకు పైపు తొడిగి బలంగా తిప్పితే ఎక్కినట్టే ఉంటుంది. నిజానికి ఎక్కలేదు, లోపలి మరలు ఒరుసుకుపోయాయి. బిగిసిందని మెకానిక్కు అనుకుంటాడు. బరువు పడ్డాక ఆ నట్టు మొత్తం ఊడి వస్తుంది.

అరంగుళం బోల్టుల్లోనూ ఇంతే. ఇంగ్లీషు పాత పద్ధతి విట్‌వర్తు మరకు అంగుళానికి 12 చుట్లు, అమెరికా ముతక మరకు 13 చుట్లు. మిల్లీమీటర్ల బోల్టులోనూ ముతక మర, సన్న మర అని రెండు రకాలున్నాయి. మర కొలిచే గేజి పళ్ల దువ్వెనలా ఉంటుంది, దాని ఖరీదు పెద్దదేమీ కాదు. ప్రతి షెడ్డులోనూ ఒకటి ఉండాలి. కొత్త నట్టు కొత్త బోల్టు మీద చేతి వేళ్లతోనే చివరిదాకా సాఫీగా తిరగాలి. పానా అవసరం పడితే ఆ జత తప్పు.

ఉప్పుగాలికి మందు ఏది?

సముద్రపు గాలి తగిలే ఓడలరేవు వంటి చోట ఇనుముకు తుప్పు తొందరగా పడుతుంది. తుప్పు బోల్టును సన్నబరచడమే కాదు, మర లోపల చిన్న చిన్న గుంటలు చేస్తుంది. పగులు మొదలయ్యేది ఆ గుంటల్లోనే. పైన రంగు వేసి ఉన్నా లోపల నట్టు కింద తుప్పు తింటూనే ఉంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయిస్తారు. తుప్పు పట్టదు, మెరుస్తూ ఉంటుంది. కానీ షాపుల్లో సాధారణంగా దొరికే ఎ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు చదరపు మిల్లీమీటరుకు 70 కిలోల దగ్గర తెగుతుంది, 45 కిలోల దగ్గరే సాగుతుంది. 8.8 బోల్టు 64 దాకా సాగదు. అంటే 8.8 తీసి స్టెయిన్‌లెస్ పెడితే బలం మూడో వంతు దాకా తగ్గించినట్టే. పైగా స్టెయిన్‌లెస్ నట్టు, బోల్టు పొడిగా బిగిస్తే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడవ మీద రేకుకు, నీళ్ల ట్యాంకుకు అవి మంచివి. లిఫ్టుకు కంపెనీ చెబితే తప్ప వద్దు.

మరికొందరు దీనికి పూర్తి విరుద్ధంగా ఆలోచిస్తారు. ఎక్కువ బలమే మంచిదని 8.8 ఉన్న చోట నల్లని 12.9 బోల్టు పెడతారు. ఇక్కడ కొబ్బరి మట్టను గుర్తు చేసుకోవాలి. పచ్చి మట్ట వంగి ముందుగా హెచ్చరిస్తుంది, ఎండు మట్ట చెప్పకుండా విరుగుతుంది. బోల్టు ఎంత గట్టిదైతే అంత పెళుసుతనం. చాలా గట్టి ఉక్కులోకి తుప్పు వల్లగానీ, జింకు పూత వేసేటప్పుడుగానీ హైడ్రోజను చేరితే, బిగించి వదిలేసిన బోల్టు కొన్ని గంటలకో కొన్ని రోజులకో దానంతట అదే పగలవచ్చు. అందుకే 10.9, 12.9 బోల్టులకు ఊళ్లో పూత వేయించడం ప్రమాదం. కంపెనీ ఏ గ్రేడు చెప్పిందో అదే గ్రేడు వేయాలి. తక్కువది వద్దు, మనంతట మనం ఎక్కువదీ వద్దు.

ఉప్పుగాలికి అసలైన మందు వేరే ఉంది. సరైన గ్రేడు బోల్టు బిగించాక బయటికి కనిపించే భాగాలకు గ్రీజు పట్టించడం, వర్షం తగలకుండా చూడడం, ఎప్పటికప్పుడు తీసి పరీక్షించడం, గుంటలు పడ్డది కనిపిస్తే మొహమాటం లేకుండా మార్చడం.

తుప్పు పట్టి ఊడిరాని బోల్టును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి తీయడం షెడ్లలో మామూలే. తీయడం వరకు ఫరవాలేదు. కానీ కాలిన బోల్టును మళ్లీ వాడకూడదు. 8.8, 10.9 బోల్టులకు ఆ బలం కాల్చి, చల్లార్చి, పదును పెట్టడం వల్ల వచ్చింది. మంట తగిలితే ఆ పదును పోతుంది. తల విరిగిన బోల్టుకు వెల్డింగు పెట్టి తల అతికించడమూ ఇంతే.

నట్టుకూ నంబరుంది, బిగింపుకూ లెక్కుంది

మంచి బోల్టు కొని దానికి పాత నట్టు ఎక్కిస్తే ఖర్చు వృథా. 8.8 బోల్టుకు 8 నంబరు నట్టు, 10.9కి 10 నంబరు నట్టు వేయాలి. నట్టు మీద కూడా ఆ అంకె ఉంటుంది. బలం తక్కువ నట్టు అయితే బోల్టు నిలిచినా నట్టు మర చిరిగి జారిపోతుంది. బిగించాక నట్టు బయటికి కనీసం ఒకటి రెండు మరలు కనిపించాలి. గట్టి వాషరు వేయాలి. మెత్తని రేకు వాషరు నొక్కుకుపోయి బిగింపు వదులవుతుంది.

"పట్టినంత బిగించు" అన్నది మంచి సలహా కాదు. 16 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు సాధారణంగా చెప్పే బిగింపు సుమారు 200 న్యూటన్ మీటర్లు. అంటే మీటరు పొడుగు పైపు చివర సుమారు 20 కిలోల బలంతో నొక్కినంత. 60 కిలోల మనిషి ఆ పైపు చివర వేలాడితే పడేది దానికి మూడు రెట్లు. బోల్టు అక్కడే సాగిపోతుంది. తక్కువ బిగిస్తే ఆడి అలసిపోతుంది, ఎక్కువ బిగిస్తే బరువు ఎత్తకముందే చచ్చిపోతుంది. మర మీద నూనె ఉంటే అదే బలానికి ఇంకా ఎక్కువ బిగుస్తుంది. కంపెనీ ఇచ్చిన అంకెను కొలత చూపే టార్క్ పానాతో బిగించడం సరైన పద్ధతి.

పరీక్ష చేసేటప్పుడే జాగ్రత్త

బోల్టు మార్చగానే బండి ఎత్తి కింద దూరకూడదు. ముందు ఖాళీగా ఎత్తి దించాలి. తర్వాత మోయవలసిన బరువును అడుగు ఎత్తు వరకే లేపి కొంతసేపు ఉంచి చూడాలి. ఆ సమయంలో కిందగానీ, పక్కగానీ ఎవరూ ఉండకూడదు.

2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో భారీ క్రేనును పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది ప్రాణాలు పోయాయి. ఆ క్రేనుకూ మన జాకీకీ పోలిక లేదు. కానీ బరువెత్తే సామానుకు పరీక్ష సమయమే గండమని, అప్పుడు దాని దరిదాపుల్లో మనుషులు ఉండకూడదని అది చెప్పిన పాఠం చిన్న షెడ్డుకూ వర్తిస్తుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను బరువులెత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హత గల వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని, ఎంత బరువు ఎత్తవచ్చో వాటి మీద స్పష్టంగా రాయాలని నిర్దేశించింది. కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టం ప్రకారం అది ఫ్యాక్టరీ అయ్యేది. ఇద్దరు ముగ్గురితో నడిచే రోడ్డు పక్క షెడ్డు దాని కిందికి రాలేదు. తనిఖీకి ఎవరూ రాని చోట తనిఖీ చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. ఏడాదికి ఒకరోజు పెట్టుకుని జాకీలు, కప్పీలు, లిఫ్టు బోల్టులు అన్నీ విప్పి చూసి, తేదీ గోడ మీద రాసిపెడితే సరిపోతుంది.

ఎంత మంచి బోల్టు వేసినా జాకీ మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టి కింద దూరడం తప్పు. జాకీ ఎత్తడానికి, స్టాండు నిలబెట్టడానికి. తొట్టె లేపినప్పుడు కింద ఉక్కు ఊతకర్ర వేసి గాని గ్రీజు పెట్టడానికి వెళ్లకూడదు. హైడ్రాలిక్‌లో ఒక సీలు పోయినా, ఒక పైపు పగిలినా బోల్టు నిందేమీ లేకుండానే తొట్టె దిగిపోతుంది.

షాపులో అడగవలసిన ఐదు మాటలు

అమలాపురం వెళ్లే ముందు చీటీ మీద ఐదు విషయాలు రాసుకుంటే చాలు. ఒకటి, లావు. రెండు, మర రకం, అంటే అంగుళమా మిల్లీమీటరా, ముతకదా సన్నదా. మూడు, పొడుగు, అందులో నున్నని భాగం ఎంత. నాలుగు, తల మీద గ్రేడు అంకె. ఐదు, దానికి సరిపోయే నట్టు నంబరు, వాషరు.

గ్రేడు అంకె పాత బోల్టు మీద చెరిగిపోయి ఉంటే ఊహించకూడదు. పక్కనున్న బోల్టుల మీద చూడాలి. సామాను పుస్తకంలో చూడాలి. పుస్తకం లేకపోతే దాని మీద ఉన్న ప్లేటులోని మోడల్ నంబరు రాసుకుని డీలరును అడగాలి. జవాబు వచ్చేదాకా ఆ జాకీని పక్కన పెట్టి అరువు జాకీతో పని చేసుకోవడం నామోషీ కాదు. బోల్టు కొనేటప్పుడు కాగితంలో చుట్టకముందే తల మీద అంకె చూసి, బిల్లు మీద ఆ గ్రేడు రాయించుకోవాలి. షాపతను "అన్నీ ఒకటేనండి" అంటే మరో షాపుకు వెళ్లాలి.

మామూలు బోల్టుకూ సరైన గ్రేడు బోల్టుకూ ఖరీదులో తేడా పదుల రూపాయల్లోనే. దాని కింద పడుకునే మెకానిక్కు సాయంత్రం ఇంటికి వస్తాడని ఎదురుచూసే వాళ్లు ఉంటారు. సాధారణంగా షెడ్డుల్లో కింద దూరేది పెద్ద మేస్త్రీ కాదు, పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు. బోల్టు ఎంచుకున్నది మేస్త్రీ, దాన్ని నమ్మి కింద పడుకున్నది ఆ కుర్రవాడు. ఈసారి షాపులో కౌంటరు ముందు నిలబడినప్పుడు ఆ కుర్రవాడి మొహం గుర్తు చేసుకుని, ఆ ఒక్క ప్రశ్న అడగాలి: "దీని గ్రేడు ఎంతండి?"